పన్నెండు మెట్ల కిన్నెర

మా యూరు దేవరకొండ ప్రాంతమున, డిండి వాగునకు ఈవలి గట్టున నున్నది. ఆవలి గట్టు దాటినచో అచ్చంపేట, లింగాల, అమ్రాబాదు; అటుపై నల్లమల. నా బాల్యమున, అనగా 1988, 89 సంవత్సరముల ప్రాంతమున, జొన్నకోతలు ముగిసి కళ్లములలో రాసులు పడు దినములలో ఆవలి గట్టునుండి ఒక వృద్ధుడు మా యూరికి వచ్చెడివాడు. భుజముపై ఎఱ్ఱగుడ్డలో చుట్టిన పొడవైన వస్తువు, చేతిలో కఱ్ఱ, వెనుక ఒక బాలుడు. ఆతడు ఊరిలోనికి రాడు. మాదిగవాడకును చెరువుకట్టకును నడుమనున్న చింతచెట్టు క్రింద దిగి, గుడ్డ విప్పి, ఆ వస్తువును రొమ్మునకు ఆనించుకొని కూర్చుండెడివాడు. ప్రొద్దు గ్రుంకిన తరువాత దాని ధ్వని చెరువు నీటి మీదుగా మా యింటి అరుగు వఱకు వినవచ్చెడిది.

ఆ ధ్వనికి వీణకున్న గాంభీర్యము లేదు. సితారుకున్న తళుకు లేదు. బానలో చిక్కుకొన్న తుమ్మెద దారి వెదకుకొనుచు లోలోపల తిరిగినట్లుండెడిది. దానిపై వృద్ధుని కంఠము. ఆ కంఠమునకు తుదిపలుకు అందించు బాలుని కంఠము. ఒక్కొక్క కథ మూడు నాలుగు రాత్రులు సాగెడిది. మా యింటి పిల్లలకు అచ్చటికి పోవుట నిషిద్ధము. నేను గడ్డివాము వెనుకనుండి పోయి వినెడివాడను. పట్టుబడిన దినమున మా నాయనమ్మ నన్ను బావికడ నిలిపి, నెత్తిన నాలుగు చేదల నీళ్లు గ్రుమ్మరించి కాని గడప దాటనిచ్చెడిది కాదు. పుష్యమాసపు చలిలో ఆ నీళ్ల చల్లదనము నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది.

మా తాతగారు సాయంకాలము అరుగుపై నాకు అమరము చెప్పెడివారు. స్వర్గవర్గమున కిన్నరుల పేర్లు వచ్చినవి. కిన్నరులనగా నెవరని అడిగితిని. గుఱ్ఱపు మొగములు గల దేవయోనులనియు, కుబేరుని కొలువున పాడుదురనియు వారు చెప్పిరి. "మఱి చెరువుకట్ట క్రింద మ్రోగునది కూడ కిన్నెరయే గదా తాతయ్యా?" అంటిని. తాతగారు కొంతసేపు ఊరకుండి, "అది వేఱు, ఇది వేఱు. తరువాతి శ్లోకము చెప్పు" అనిరి. తరువాత చాల యేండ్లకు, కాలేజీలో సంస్కృతము చదువునప్పుడు, ఆ పదమునకు పండితులు చెప్పు వ్యుత్పత్తి తెలిసినది. కిమ్, నరః. వీడు నరుడా? ఇదియా ప్రశ్న! కుబేరుని గాయకుని విషయమున ఆ ప్రశ్న ఆశ్చర్యముతో అడిగినది. చెరువుకట్ట క్రింది గాయకుని విషయమున మేము అడిగిన విధము వేఱు.

తాతగారు వేఱన్నవి రెండును ఒక్కటియేనని చెప్పుటకు నాకు శాస్త్రాధారములు కలవు. వానిని మొదట విన్నవింతును. మన ప్రాచీన వీణలు పెక్కింటికి మెట్లు లేవు. విల్లువలె వంగిన కఱ్ఱకు తంత్రులు బిగించి, స్వరమున కొక తంత్రి చొప్పున మీటెడివారు. అమరావతిలోను, మా జిల్లా సరిహద్దుననున్న నాగార్జునకొండలోను దొరకిన శిల్పములందు కనబడునది ఇట్టి వీణయే. ఏడు స్వరములు పలుకుటకు ఏడు తంత్రులు వలయును. తంత్రి క్రింద మెట్లు నిలిపి, ఒక్క తంత్రిమీదనే వ్రేలు జరుపుచు స్వరములన్నియు పలికించుట సంగీత చరిత్రలో చిన్న సంగతి కాదు. మన సంగీతజ్ఞుల పరంపర ఆ గౌరవమును బృహద్దేశి కర్తయైన మతంగునికిచ్చి, అట్లు మెట్లు కట్టిన వాద్యమునకు కిన్నరి యని పేరు పెట్టినది. దేవగిరిలో యాదవ సింఘణుని కొలువున నుండిన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దమున సంగీతరత్నాకరము వ్రాసినప్పుడు వాద్యాధ్యాయమున లఘుకిన్నరి, బృహత్కిన్నరి యని భేదములు చెప్పి, దండము కొలత, సొరబుర్రల అమరిక, మెట్ల స్థానములు వివరించెను. మెట్లు గ్రద్ద యెముకతో చేయవచ్చుననియు, కాల్చిన బట్టమసి కలిపిన మైనముతో వానిని దండమునకు అతికింపవలెననియు చెప్పెను.

ఇప్పుడు నల్లమల అంచున డక్కలివారు తరతరములుగా చేసికొనుచు వచ్చిన కిన్నెరను చూడుడు. దండము వెదురు. దానిక్రింద ఎండిన సొరబుర్రలు, రెండో మూడో. తంత్రులు పూర్వము వెండ్రుకలతోను జంతువుల నరములతోను పేనినవి. తరువాత లోహపు తీగెలు వచ్చినవి. మెట్లు అలుగు అను అడవిజంతువు పొలుసులు. వానిని నిలుపునది తేనెమైనము. శార్ఙ్గదేవుని గ్రద్దయెముకకు బదులు అలుగుపొలుసు. తక్కినదంతయు దాదాపు ఒక్కటే. డక్కలివారిలో సంగీతరత్నాకరము చదివినవాడెవ్వడును లేడు. సంగీతరత్నాకరము చదివినవారిలో డక్కలివాని ప్రక్కన కూర్చుండి మెట్లు లెక్కించినవారు ఎందఱుందురో మీరే ఊహింపుడు.

సంస్కృతమున ఈ మెట్టును సారిక యందురు. సారిక యనగా గోరువంక కూడ. మా యూరికి వచ్చిన వృద్ధుని కిన్నెర తలకడ కొయ్యపిట్ట ఒకటి యుండెడిది. తంత్రి అదిరినప్పుడెల్ల అది తల ఊపెడిది. పిల్లలు కథకన్న దానినే ఎక్కువగా చూచెడివారు. నెమలిపురియు, అద్దపుబిళ్లలును, పూసలును కట్టియుండెడివి.

కాకతీయుల కాలమున ఈ వాద్యము పెద్దలకు తెలియనిది కాదు. గణపతిదేవుని గజసాహిణియగు జాయపసేనాని 1253, 54 ప్రాంతమున నృత్తరత్నావళి రచించెను. ఆయనయే గీతరత్నావళి, వాద్యరత్నావళి యను గ్రంథములు కూడ వ్రాసెనని పండితులు చెప్పుదురు. ఆ రెండును నేడు లభ్యములు కావు. మన దేశపు వాద్యములనుగూర్చి మన సేనాని వ్రాసిన పుస్తకము, తాళపత్రములను పట్టుబట్టలలో చుట్టి పెట్టెలలో దాచినవారి చేతులలో నశించినది. వాద్యము మాత్రము ఎఱ్ఱగుడ్డ చుట్టి చెట్లక్రింద పండుకొన్నవారి చేతులలో మిగిలినది. పుస్తకములు దాచు వంశమున పుట్టినవాడను గనుక ఈ మాట చెప్పుటకు నాకు కష్టముగానే యున్నది.

శివభక్తులు కిన్నెరను చేరదీసిరి. బసవేశ్వరుని కాలమున కల్యాణనగరమున నుండిన కిన్నర బ్రహ్మయ్య పేరులోనే వాద్యమున్నది. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పినాడు. సోమనాథుడే పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణమున శ్రీశైల యాత్రికుల ఆటపాటలను విస్తారముగా వర్ణించినాడు. కులము చూడక వాద్యము చూచిన కవి యాతడు. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని చెప్పబడు ఉమామహేశ్వరము అచ్చంపేట కడనే యున్నది. ఉత్తరమునుండి వచ్చు యాత్రికుడు ఆ కొండ నెక్కి, అమ్రాబాదు పీఠభూమి దాటి, కృష్ణలో దిగి, మరల ఎక్కవలెను. పన్నెండు మెట్ల కిన్నెర మిగిలిన లింగాల ఆ దారికి దగ్గఱి పల్లెసీమయే.

తరువాత కిన్నరి దర్బారులనుండి జారిపోయినది. 17వ శతాబ్దమున తంజావూరు రఘునాథనాయకుని కాలమున 24 మెట్లు స్థిరముగా నిలిపిన వీణ రూపొందెనని చెప్పుదురు. దానిమెట్లు కంచువి, ఇత్తడివి. కాని నిలుపునది నేటికిని మైనమే. మన ఆడపిల్లలు పెండ్లిచూపులకు ముందు నేర్చుకొను వీణలో కిన్నరి యుపాయమే యున్నది. వీణ పూజామందిరమునకు ఎక్కినది. కిన్నెర ఊరిబయటకు పోయినది.

కిన్నెరను పట్టుకొన్న డక్కలివారి స్థితి తెలిసిననే గాని ఈ చరిత్ర అర్థము కాదు. మాదిగల నాశ్రయించి బ్రతికెడి కులములు కొన్ని కలవు: చిందువారు, బైండ్లవారు, మాస్టివారు, డక్కలివారు మొదలైనవి. చిందువారు యక్షగానమాడుదురు. డక్కలివారు మాదిగలకు మూలపురుషుడగు జాంబవంతుని పురాణమును పటము చూపి చెప్పుదురు, కిన్నెర వాయింతురు. వారు యాచింపదగినది మాదిగ గృహములనే. ఊరిలో మఱియొకరి గడపకు పోరాదు. ఆ మాదిగవాడలో సైతము వారికి లోపలికి ప్రవేశము లేదు. వాడ బయట దిగవలెను. అంటరానివారికి అంటరానివారు! మనము పైనుండి క్రిందికి మెట్లు కట్టుకొనుచు పోయితిమి; మన క్రింద నున్నవారును తమ క్రింద మఱియొక మెట్టు కట్టుకొనిరి. అట్టడుగు మెట్టున కూర్చున్నవాని చేతిలో పన్నెండు మెట్ల వాద్యమున్నది.

ఇక కథలమాట. గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సంస్థానములు పూర్వపు మహబూబునగరు జిల్లాలోనివే. ఆ జిల్లాకు పూర్వనామము పాలమూరు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరిట 1890లో క్రొత్తపేరు వచ్చినది. గద్వాలను విద్వద్గద్వాల యనెడివారు. ఏటేట కవులు సంస్థానములకు పోయి, అష్టావధానములు చేసి, శాలువలు, నూటపదార్లు గ్రహించి వచ్చెడివారు. ఆ పద్యములలో రాజు ఇంద్రుడు, కర్ణుడు, భోజుడు. అదే సీమలో, అదే కాలపు ముచ్చటలను కిన్నెర వేఱుగా చెప్పినది. దానిలో నాయకుడు పండుగ సాయన్న. నిజాము పాలనలో పాలమూరు సీమన ధనవంతులను దోచి పేదలకు పంచిన వాడని అతని ప్రసిద్ధి. సర్కారు కాగితములకు అతడు దొంగ; కిన్నెరకు వీరుడు. మియాసాబు కథయు అట్టిదే. తురకపేరు గల వీరుని కథను మాదిగవాడ బయట డక్కలివాడు పాడగా, అన్ని కులముల కూలివారును చెవియొగ్గి విని కన్నీరు పెట్టుకొనెడివారు. మతసామరస్యమునుగూర్చి మనము వ్యాసములు వ్రాయుచుండగా, వారెన్నడో దానిని పాటగా కట్టుకొనిరి.

ఆ కథలను యథాతథముగా చరిత్రయని నేను చెప్పను. సాయన్న గుఱ్ఱము రాత్రికి రాత్రి ఎన్ని ఆమడలు నడచెనో, వృద్ధుడు ఒక్కొక్క యేడు ఒక్కొక్క విధముగా చెప్పెడివాడు. వినువారిలో ఆ యేటి కరవునుబట్టి సాయన్న పంచిన ధాన్యపు లెక్కయు పెరిగెడిది. చరిత్రకారుడు వెదకవలసిన సత్యము ఆ పెరుగుటలోనే కలదు. వర్షము తప్పిన సంవత్సరమున పాలమూరు కూలి ఏమి కోరెనో తెలిసికొనుటకు, సంస్థాన ప్రశస్తులకన్న నాకు కిన్నెర కథయే ఎక్కువ పనికివచ్చినది. సురవరం ప్రతాపరెడ్డిగారు పాలమూరు బిడ్డ. తెలంగాణమున కవులు పూజ్యమన్నవారికి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించి బదులు చెప్పిరి. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసి, రాజుల యుద్ధములు కాదు, జనుల తిండి, బట్ట, ఆట, పాట చరిత్రయని చూపిరి. 1958లో బిరుదురాజు రామరాజుగారి తెలుగు జానపద గేయ సాహిత్యము వచ్చినది. బాట వేసినవారు వేసిరి. ఆ బాటను అనుసరించి ఊరిబయట చింతచెట్టు వఱకు పోయి నాలుగు రాత్రులు కూర్చుండవలసినవారము మనము.

ఇచ్చట ఒక మాట ప్రక్కకు పోయి చెప్పుదును. నా పూర్వశిష్యుడొకడు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నాడు. వానికి ప్రోగ్రెసివ్ రాక్ అను పాశ్చాత్య సంగీతముపై వెఱ్ఱి. ఇంగ్లండున 1970లో ముగ్గురు అన్నదమ్ములు, షుల్మన్ అను ఇంటిపేరువారు, తోడివారితో కలిసి జెంటిల్ జయంట్ అను మేళము పెట్టిరట. ఒక్కొక్కడు పలు వాద్యములు వాయించును. మధ్యయుగపు కట్టడలును క్రొత్త మోతలును కలిపి చిక్కైన పాటలు కట్టిరి. రాబలే యను ఫ్రెంచి రచయిత కథలనుండి పాత్రలను తెచ్చుకొనిరి. పెద్దపేరు రాలేదు. పదునొకండు సంపుటములు వెలువరించి 1980లో విడిపోయిరి. ఆ పాటలు నాకంతగా పట్టుబడలేదు. కాని నా శిష్యుడు చెప్పిన సంగతి పట్టుబడినది. ఆ మేళము విడిపోయి నలుబది యేండ్లు దాటినను, దాని శ్రోతలు ప్రతి కచేరీ తేదీని, ఏ రాత్రి ఏ పాట ఎట్లు మాఱినదియు వ్రాసి దాచుకొనిరట! వాని పుట్టుకకు ముందే విడిపోయిన పరదేశపు మేళమునుగూర్చి వానికి తెలిసినంత, మా చెరువుకట్ట క్రింద నాలుగు రాత్రులు పాడిన వానినిగూర్చి నాకు తెలియదు. ఆ వృద్ధుని పేరు కూడ నేను అడుగలేదు. "కిన్నెరాయన వచ్చిండు" అనెడివారము. అంతే.

ఆయన మరల రాలేదు. తరువాత వచ్చినది ఆయన వెనుక తుదిపలుకు అందించిన బాలుడు. అప్పటికి నడివయస్సు వచ్చినది. 2012లో నేను పనిచేయుచున్న పాఠశాలలో పిల్లలకు వినిపింప వలెనని అతనిని పిలిపించితిని. అతని చేతిది ఏడు మెట్ల కిన్నెర. పన్నెండు మెట్లది తండ్రితోనే పోయినదనెను. మా పాఠశాల వరండాకు మూడు మెట్లున్నవి. పైకి రమ్మంటిని. "ఈడనే మంచిగుంటది సారూ" అని నేలమీదనే కూర్చుండెను. మూడుమాఱులు పిలిచితిని. రాలేదు. పిల్లలే దిగివచ్చి చుట్టును కూర్చుండిరి. ఒక గంట పాడెను. తరువాత చాయ వచ్చినది: మాకు గాజుగ్లాసులలో, అతనికి కాగితపు గ్లాసులో. తెచ్చినవాడు పదునెనిమిదేండ్ల పిల్లవాడు. అట్లు తెమ్మని వానికెవరును చెప్పలేదు. చెప్పనక్కఱ లేకుండుటయే మన పాపము ఎంతలోతునకు దిగినదో చూపును. నేను చూచితిని. ఆ క్షణమున ఏమియు అనలేకపోయితిని. అతడు చాయ త్రాగి, కాగితపు గ్లాసును మడచి, తానే పోయి గోడవెలుపల పాఱవేసి వచ్చెను.

కుమారునికి విద్య నేర్పుచున్నావా యని అడిగితిని. "వాడు పట్నంల సెంట్రింగు పనికి పోతడు సారూ. దీన్ని ముట్టడు. ముట్టొద్దని నేనే చెప్పిన. ఇది పట్టుకుంటె డక్కలోడు అంటరు. ఇటుకలు మోస్తె కూలోడు అంటరు. కూలోనికి హోటల్ల చాయ పోస్తరు" అనెను.

ఆ మాటకు సమాధానము నాకు తోపలేదు. కొందఱు మిత్రులు కళ నశించుచున్నదని వాపోవుదురు. పూర్వపు గ్రామవ్యవస్థలో కళాకారునికి హక్కుగ్రామములుండెననియు, ధాన్యము ముట్టుచుండెననియు చెప్పుదురు. నిజమే. ఆ ధాన్యముతోపాటు ముట్టినదేమియో వారు చెప్పరు. వంశపారంపర్యముగ ఒక కులమువాడు మఱియొక కులమునకు చేయి చాచవలెనన్న కట్టడి తెగుట మనము కోరినదే. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు 1906లో జగన్మిత్రమండలి స్థాపించి హరికథలతో తమవారిని మేలుకొలుపుటకు పూనుకొనుట ఆ కట్టడిని తెంచుటకే. 1931లో మా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవ ఆంధ్ర మహాసభ జరిగినది. అట్టి సభల వెంట పెరిగిన మేల్కొలుపు వెట్టిచాకిరిని కదలించినది. వెట్టి పోవలెను, కిన్నెర నిలువవలెను. ఈ రెండును ఒక్కమాఱే కోరుట తప్పుకాదు. కాని ఆ రెంటి నడుమ ఒక తరము పిల్లవాడున్నాడు. తండ్రి చేతి వాద్యమును తాకినచో తండ్రి పడిన అవమానము తన చేతికి అంటునని వాడు భయపడుచున్నాడు. వాని భయము తీర్పక, మన ముచ్చటకై కిన్నెర పట్టుకొమ్మనుట న్యాయము కాదని నా నిశ్చయము. బ్రాహ్మణుని పిల్లవాడు, రెడ్డిపిల్ల, సాలెపిల్లవాడు ఒక్క బల్లపై కూర్చుండి కిన్నెర నేర్చుకొన్ననాడు డక్కలిపిల్లవాడు కూడ జంకులేక వచ్చి నేర్పును. గురువుగా నేర్పును, వేతనము పుచ్చుకొని నేర్పును.

ఇటీవల కొంత కదలిక లేకపోలేదు. జయధీర్ తిరుమలరావుగారు జానపద, గిరిజన వాద్యములను ఊరూర తిరిగి సేకరించిరి. లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెరతో సాయన్న, మియాసాబుల కథలను వినిపించుచు రాష్ట్రమంతట పేరు పొందిరి. 2021లో ఒక చలనచిత్రపు పాట ఆయన గొంతుతో మొదలై లక్షలమంది చెవిని బడినది. 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పగారికి బుర్రవీణకుగాను పద్మశ్రీ వచ్చినది. పూర్వపు ఒక్క పాలమూరు జిల్లానుండి, సొరబుర్ర కట్టిన వాద్యములు పట్టిన ఇద్దఱికి రెండేండ్ల యెడమున ఆ గౌరవము లభించుట నాకు పండుగవలె తోచినది. అదే 2024 మే మాసమున మొగులయ్యగారు కూలిపని చేయుచున్నట్లు పత్రికలలో బొమ్మతో వచ్చినది. ఆ బొమ్మ చూచి జాలిపడిన మిత్రులు చాలమంది. నేను మాత్రము సెంట్రింగు పనికి పోయిన ఆ కుమారుని తలచుకొంటిని. పతకము ఒక్కని మెడలో పడును. మెట్లు నేర్చుకొనుటకు పదిమంది వ్రేళ్లు కావలెను.

అలుగుపొలుసు నేడు దొరకదు, దొరకరాదు కూడ. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ఆ జంతువును చంపుటను నిషేధించినది, అది న్యాయమే. శార్ఙ్గదేవుని గ్రద్దయెముక పోయి అలుగుపొలుసు వచ్చినట్లే, అలుగుపొలుసు పోయి మఱియొకటి రావలెను. వాద్యము జీవించుట యనగా ఇదియే. మైనము మాత్రము కావలసినదే.

మా ఎనిమిదవ తరగతి సాంఘికశాస్త్ర పాఠములో మొగులయ్యగారి ప్రస్తావన కలదు. నేను చెప్పునది తెలుగు. అయినను సాంఘికశాస్త్రోపాధ్యాయుడు సెలవుపై నున్నందున గడచిన శీతకాలమున ఆ పాఠము నేను చెప్పితిని. కిన్నెర బొమ్మను నల్లబల్లపై గీసి, మెట్లు లెక్కించి చూపుచుండగా, కడపటి బల్లనుండి ఒక బాలిక లేచి, "మీరు దగ్గఱ దగ్గఱ గీసిండ్రు సార్, కింది మెట్లు దూరం దూరం ఉంటయి" అనెను. నీకెట్లు తెలియునని అడిగితిని. తరగతి అంతయు వెనుకకు తిరిగి చూచినది. ఆమె కొంచెము తడబడి, "మా తాత తాన ఉన్నది సార్. ఏడు మెట్లది. మూడు ఊడిపోయినయి" అనెను. ఆమె యెవరి మనుమరాలో అప్పుడు నాకు తెలిసినది.

దిగువ మెట్లు దూరమో ఎగువ మెట్లు దూరమో చూచి చెప్పుమని ఆ సాయంకాలము ఆమెతో చెప్పి పంపితిని. వీలైనచో తాతను తీసికొని రమ్మంటిని. మఱునాడు ఆమె యొక్కతయే వచ్చినది. "తాత ఒకటి అడగమన్నడు సార్. అసలు మైనం మీకు యాడన్న దొరుకుతదా? దుకాణాలల్ల దొరికేది నిలుస్తలేదంట, ఎండకు కరిగిపోతుందంట."

మన్ననూరు ప్రాంతపు చెంచువారు తేనె తీయుదురు. తేనె పిండగా మిగిలిన పట్టు వారియొద్ద నుండును. అచ్చట ఉపాధ్యాయుడుగా నున్న మిత్రునికి జాబు వ్రాసితిని. రెండు సేర్లు ఉంచితినని బదులు వచ్చినది. వచ్చు ఆదివారము పోవలెను.